నిలబడినందుకు జీతం

2009లో నా ఇంజనీరింగ్ అయిపోయింది. క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ లెటర్ చేతిలో ఉంది కానీ జాయినింగ్ డేట్ లేదు. అమెరికాలో బ్యాంకులు కూలిన మరుసటి ఏడాది అది. మా బ్యాచ్‌లో చాలామందిది అదే పరిస్థితి. ఈ నెల పిలుస్తారట, వచ్చే నెల పిలుస్తారట అనుకుంటూ ఇంట్లో కూర్చున్నాం. నాలుగు నెలలయ్యాక ఇక కూర్చోవడం నా వల్ల కాలేదు. నిజం చెప్పాలంటే, మా నాన్న వల్ల కాలేదు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అని ఆయన నా మొహం మీద ఎప్పుడూ అనలేదు గానీ, నాకు వినపడేలా అమ్మతో రెండుసార్లు అన్నారు. ఆయనకు తెలిసినవాళ్ళ ద్వారా విజయవాడలో ఒక బట్టల షాపులో చేరాను. దసరాకి ముందు చేరి, ఏప్రిల్‌లో జాయినింగ్ లెటర్ వచ్చేదాకా, ఏడు నెలలు చేశాను.

ఆ ఏడు నెలల గురించి ఇన్నేళ్ళలో ఎక్కడా రాయలేదు. రెజ్యూమెలో కూడా పెట్టలేదు. కానీ అప్పుడు మొదలైన ఒక ప్రశ్న ఇప్పటికీ నాతోనే ఉంది. చెబితే చాలా చిన్న ప్రశ్న: షాపులో ఎవరూ లేనప్పుడు మేం ఎందుకు నిలబడాలి?

బయటివాళ్ళు బట్టల షాపు పని అంటే చీరలు విప్పి చూపించడం, మళ్ళీ మడతపెట్టడం అనుకుంటారు. అదీ పనే. కొత్తలో నేను ఒక్క చీర మడతపెట్టేలోపు పక్కనున్నవాళ్ళు నాలుగు పెట్టేసేవారు. అంచుకి అంచు కలిపి, మధ్యలో గడ్డంతో నొక్కిపట్టి, కొంగు పైకి వచ్చేలా మడవడం నేర్చుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. కానీ అసలు పని అది కాదని మొదటి వారంలోనే మడమలు చెప్పాయి. పొద్దున తొమ్మిదిన్నరకి షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడటమే అసలు పని. మధ్యలో డాబా మీద వంతులవారీగా అరగంట భోజనం. అంతే, మిగతాదంతా కాళ్ళ మీదే. రాత్రి ఇంటికొచ్చి బకెట్లో వేడినీళ్ళు, ఉప్పు వేసుకుని కాళ్ళు పెట్టుకునేవాణ్ణి.

పండగ రోజుల్లో కాళ్ళ సంగతి గుర్తుండదు. జనం, అరుపులు, "అన్నా, ఇందులో ఆకుపచ్చ ఉందా", "ఆ పైనున్నది తియ్యి", బిల్లుల హడావుడి, వీటి మధ్య పన్నెండు గంటలు ఎలా అయిపోయాయో తెలియదు. నొప్పంతా మంగళవారం మధ్యాహ్నాల్లో. మనవాళ్ళు మంగళవారం కొత్త బట్టలు కొనడానికి జంకుతారు కదా. షాపంతా ఖాళీ. ఫ్యాన్లు తిరుగుతుంటాయి. కస్టమర్ల కోసం వేసిన గుండ్రటి స్టూళ్ళు వరసగా ఖాళీగా ఉంటాయి. వాటికి ఇటువైపు కౌంటర్ వెనక మేం పదిహేనుమందిమి నిలబడి ఉంటాం. మూడు అడుగుల దూరంలో స్టూలు ఉంటుంది, కూర్చోవడానికి మనిషి ఉంటాడు, చెయ్యాల్సిన పని ఏమీ ఉండదు. అయినా కూర్చోకూడదు. సూపర్‌వైజర్ అటు తిరిగినప్పుడు నడుముని కౌంటర్ అంచుకి ఆనించడం, ఒక కాలి మీద బరువు వేసి రెండోదానికి విశ్రాంతి ఇవ్వడం, ఇవి సీనియర్లు నేర్పిన విద్యలు.

మా ఓనరు చెడ్డమనిషి కాదు. ఇది ముందే చెప్పాలి, లేకపోతే వ్యాసం సులువైపోతుంది. ఎవరింట్లోనన్నా హాస్పిటల్ ఖర్చు వస్తే అడ్వాన్స్ ఇచ్చేవారు. దసరాకి అందరికీ బట్టలు పెట్టేవారు. ఆయన కూడా చిన్నప్పుడు వాళ్ళ మేనమామ షాపులో నిలబడి పైకొచ్చినవారే. ఒకసారి ఆయనే చెప్పారు: "మెట్లెక్కి వచ్చిన మనిషికి మనం కూర్చుని కనపడితే, లక్ష్మీదేవి గుమ్మంలోకొస్తే లేవనట్టే." ఆ మాట ఆయన నమ్మే అన్నారు. నేనూ అప్పుడు నమ్మాను.

కానీ మా అమ్మ చెప్పే బట్టల షాపు వేరు. ఆవిడ పెళ్ళికి చీరలు కొన్నచోట గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికెళ్తే నేలంతా తెల్లటి పరుపులు. కొనేవాళ్ళు ఆ పరుపుల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్ళు. ఎదురుగా గుమాస్తా కూడా కూర్చునే ఉండేవాడు. కూర్చునే చీర విసిరి పరిచేవాడు, కూర్చునే బేరమాడేవాడు. మధ్యలో కుర్రాడు మంచినీళ్ళో సోడాలో తెచ్చేవాడు. అలాంటి షాపులు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి. ఆ గుమాస్తాల బతుకు పూలపాన్పు అని నేననను. జీతాలు తక్కువ, గంటలు ఎక్కువ, మోకాళ్ళు పట్టేసేవి. కానీ గుమాస్తా కూర్చున్నాడని ఏ కస్టమరూ అవమానపడి లేచి వెళ్ళలేదు. అంటే అమ్మేవాడు కూర్చుంటే కొనేవాడికి మర్యాద తక్కువవుతుందన్నది వ్యాపార సూత్రం కాదు. మధ్యలో ఎక్కడో వచ్చి చేరింది. అద్దాల షోకేసులు, కౌంటర్లు, అంతస్తులు వచ్చినప్పుడు పరుపు పోయింది. పరుపు పోతే ఇద్దరూ నిలబడాలి, లేదా ఇద్దరికీ స్టూళ్ళు వెయ్యాలి. మనం ఒకవైపే వేశాం.

ఎందుకు ఒకవైపే వేశాం? దీనికి జవాబు బట్టల షాపులో దొరకదు, ఊళ్ళో దొరుకుతుంది. మన ఊళ్ళలో ఎవరు ఎవరి ముందు కూర్చోవచ్చన్నది ఎప్పుడూ చిన్న విషయం కాదు. ఆసామి అరుగు మీద కూర్చుంటే పాలేరు కింద నిలబడాలి. పెద్దకులం మనిషి వీధిలో వెళ్తుంటే దళితుడు తన ఇంటి ముందు, తన సొంత మంచం మీద నుంచి లేచి నిలబడాలి. లేవనందుకు దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. మరోవైపు, ఇంటికొచ్చిన మనిషిని గౌరవించడానికి మనం అనే మొదటి మాట "కూర్చోండి". నువ్వు నాకు సమానం అని చెప్పడానికి మన దగ్గరున్న అతి చిన్న వాక్యం అదే. అలాంటి దేశంలో ఒకరిని కూర్చోబెట్టి ఇంకొకరిని నిలబెట్టడం కేవలం ఫర్నిచర్ ఏర్పాటు అనుకోలేం. ఆరువందల చీర కొనడానికి వచ్చిన మనిషికి కూడా అరగంట సేపు దొరతనం దొరుకుతుంది. బిల్లులో దాని పేరు ఉండదు గానీ, షాపు అమ్మే సరుకుల్లో అదీ ఒకటి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. జీతం తీసుకునేవాడు ఏదో ఒక రకంగా తన ఒంటిని అమ్ముకుంటూనే ఉంటాడు కదా? గేటు దగ్గర కాపలావాడు నిలబడతాడు. ట్రాఫిక్ పోలీసు నిలబడతాడు. నవ్వు కూడా ఉద్యోగంలో భాగమేనని విమానాల్లో పనిచేసే ఆడవాళ్ళని పరిశీలించి ఆర్లీ హోషైల్డ్ అనే సోషియాలజిస్టు 1983లో "ది మేనేజ్డ్ హార్ట్" అని ఒక పుస్తకమే రాసింది. నవ్వు కొనుక్కోవచ్చు గానీ నిలబడటం కొనుక్కోకూడదా?

నాకు తోచిన తేడా ఇది. ట్రాఫిక్ పోలీసు నిలబడకపోతే పని జరగదు. చీర విప్పి పరిచేటప్పుడు, ర్యాక్ మీద నుంచి తీసేటప్పుడు నేను నిలబడకపోతే పని జరగదు. అది శ్రమ, దానికి జీతం ఇస్తారు, న్యాయమే. కానీ ఖాళీ షాపులో నిలబడటం వల్ల ఒక్క చీర కూడా ఎక్కువ అమ్ముడుపోదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే లేవడానికి రెండు సెకన్లు చాలు. కాబట్టి ఆ నిలబడటంలో శ్రమ అయితే ఉంది గానీ పని లేదు. మిగిలింది హోదా. "నువ్వు కిందివాడివి" అని ఎవరూ చూడకపోయినా రోజంతా ఒంటితో చెప్పించడం. వస్తువులకి ధర ఉంటుంది, మనిషికి ధరకి అందని విలువ ఉంటుంది అని కాంట్ 1785లో రాశాడు. ప్రతిదానికీ ధర చీటీ కుట్టి ఉండే చోట ఆ మాట చదివితే కాస్త నవ్వొస్తుంది. కానీ పని కొనుక్కోవడానికీ లొంగుబాటు కొనుక్కోవడానికీ మధ్య గీత ఎక్కడుందో ఆ ఖాళీ మధ్యాహ్నాలు నాకు చూపించాయి.

ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నేనేం చేశానో కూడా చెప్పాలి.

సంక్రాంతి సందడి అయిపోయాక షాపులో సీసీ కెమెరాలు పెట్టించారు. దొంగతనాల కోసమని. "నువ్వు బీటెక్ కదా, ఇది చూసుకో" అని ఓనరు నన్ను ఆయన క్యాబిన్ పక్కనున్న చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఒక మానిటర్, దాని మీద పదహారు గళ్ళు, ఒక టేబుల్ ఫ్యాన్, ఒక కుర్చీ. అయిదు నెలల్లో షాపులో నాకు దొరికిన మొదటి కుర్చీ. ఆ మొదటి రోజు ఎంత సుఖంగా అనిపించిందో దాచుకోను.

చీరల సెక్షన్‌లో ఒకావిడ ఉండేవారు. అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. నలభై దాటి ఉంటాయి. పదకొండేళ్ళుగా అక్కడే చేస్తున్నారు. రోజూ ఉయ్యూరు వైపు నుంచి బస్సులో వచ్చేవారు. గడ్డంతో చీర నొక్కిపట్టడం నాకు నేర్పింది ఆవిడే. మధ్యాహ్నం మూడింటప్పుడు అయిదో గడిలో చూస్తే, ఆవిడ కౌంటర్ వెనక చీరల మూట మీద కూర్చుని ఉన్నారు. తల మాత్రమే కనపడుతోంది. ఫ్లోర్ మీద కస్టమర్లు లేరు. నేను చూసి ఊరుకున్నాను. కాసేపటికి ఓనరు గదిలోకి వచ్చి తెర వైపు చూసి, "ఆ కౌంటర్లో ఎవరూ లేరేంటి?" అన్నారు.

"అక్క ఉన్నారు సార్. కూర్చున్నారు."

వైవాలో తెలిసిన ప్రశ్న అడిగితే జవాబు ఎలా బయటికొస్తుందో అలా వచ్చేసింది. ఆవిడకి అందరి ముందూ చీవాట్లు పడ్డాయి. ఆ నెల జీతంలో వంద రూపాయలు కోత. మర్నాడు డాబా మీద భోజనాల దగ్గర నేను దూరంగా కూర్చోబోతే ఆవిడే పక్కకి జరిగి చోటిచ్చారు. "అడిగితే చెప్పక ఏం చేస్తావులే" అన్నారు. తిట్టినా బాగుండేది.

చాలా ఏళ్ళు దీన్ని నేను నిజం, అబద్ధాల సమస్యగా ఆలోచించాను. "లోపల సర్దుతున్నారు సార్" అంటే సరిపోయేది కదా అని. ఏ సందర్భాల్లో బొంకితే పాపం లేదో శుక్రాచార్యుడు బలికి ఒక జాబితా చెప్పాడు. వంద రూపాయల కోత అందులో ఎక్కడో ఒకచోట ఇమడకపోదు. కానీ ఇప్పుడు నాకు అలా అనిపించట్లేదు. నిజం చెప్పడం నా తప్పు కాదు. కూర్చోవడం నేరమని ఒప్పుకుని, దాన్ని నేరంలాగే చెప్పడం నా తప్పు. అదీ నేను కూర్చుని. "ఎవరూ లేరు కదా సార్, కూర్చుంటే ఏమవుతుంది?" అనే ఒక్క వాక్యం నాకప్పుడు తట్టనే లేదు. అని ఉంటే నా ఉద్యోగం పోయేది కూడా కాదు, నేను ఎలాగూ వెళ్ళిపోయేవాణ్ణి. అనగలిగిన స్థితిలో ఉన్నది ఆ షాపు మొత్తంలో నేనొక్కణ్ణే.

తర్వాత్తర్వాత తెలిసింది, ఈ ప్రశ్న నాకొక్కడికే వచ్చింది కాదని. ఎమిల్ జోలా 1883లో పారిస్ డిపార్ట్‌మెంట్ స్టోర్ మీద ఒక నవల రాశాడు, అందులో అమ్మకం పని చేసే ఆడపిల్లల కాళ్ళ నొప్పులు, గదులు, భోజనాలు అన్నీ ఉన్నాయి. దుకాణాల్లో ఆడవాళ్ళకి కుర్చీలు వెయ్యాలని బ్రిటన్ 1899లో, ఫ్రాన్స్ 1900లో చట్టాలు చేశాయి. బ్రిటన్ చట్టంలో లెక్క ముగ్గురికి ఒక కుర్చీ. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్, నిలబడి పనిచేసేవాళ్ళకి వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని చెప్పింది. అయితే అది ఫ్యాక్టరీకే. బట్టల మిల్లులో కార్మికుడికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే దక్కిన హక్కు, ఆ మిల్లు బట్ట అమ్మే మనిషికి కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో దక్కింది.

కేరళలో అది పైనుంచి ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. కోళికోడ్‌లో మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు మొదట పోరాడింది కుర్చీ కోసం కాదు, మరుగుదొడ్డి కోసం. అది లేక వాళ్ళు రోజంతా నీళ్ళు తాగకుండా ఉండేవారు. విజి అనే దర్జీపని చేసే ఆవిడ ముందు నిలిచి 'పెణ్‌కూట్టు' అనే సంఘం కట్టారు. కూర్చునే హక్కు ఉద్యమం అందులోంచి వచ్చింది. చట్టం వచ్చిన ఏడాదే బీబీసీ వందమంది మహిళల జాబితాలో ఆవిడ పేరు చేరింది. తమిళంలో వసంతబాలన్ 2010లో తీసిన "అంగాడి తెరు" కూడా ఇక్కడ గుర్తొస్తుంది. చెన్నై రంగనాథన్ వీధిలో బట్టల షాపు పిల్లల కథ. తెలుగులో "షాపింగ్ మాల్" పేరుతో వచ్చింది. నేను దాన్ని మొదటిసారి సగంలో ఆపేశాను, బాగాలేక కాదు.

మళ్ళీ నా సంగతికొస్తే, జాయినింగ్ లెటర్ వచ్చింది, హైదరాబాద్ వచ్చేశాను. అప్పట్నుంచీ కుర్చీలోనే ఉన్నాను. నడుముకి ఆసరా ఉండే ఖరీదైన కుర్చీ కంపెనీయే కొనిచ్చింది. రెండేళ్ళ క్రితం ఆఫీసులో నిలబడి పనిచేసుకునే టేబుళ్ళు వచ్చాయి. బటన్ నొక్కితే పైకి లేస్తాయి. ఎక్కువసేపు కూర్చోవడం ఆరోగ్యానికి మంచిది కాదట. మా టీమ్‌లో వాటి కోసం వెయిటింగ్ లిస్టు ఉండేది. నేనూ రోజుకి ఇరవై నిమిషాలు నిలబడతాను. అదే కాళ్ళు, అదే నిలబడటం. ఒకచోట శిక్షలా ఉన్నది ఇంకోచోట సౌకర్యం ఎలా అయింది? బటన్ నా చేతిలో ఉంది కాబట్టి. భంగిమలో గౌరవమూ లేదు, అవమానమూ లేదు. దాన్ని మార్చుకునే అధికారం ఎవరి దగ్గరుందన్నదే అసలు విషయం. మాకూ చాట్‌లో పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతూ ఉండాలని పని లేకపోయినా మౌస్ కదిపే రోజులుంటాయి. అదీ ఒకరకం నిలబడటమే. కానీ మేం దాన్ని కూర్చుని చేస్తాం. ఆ రెంటినీ సమానం అంటే నాకు నా మడమలు ఒప్పుకోవు.

పోయిన ఏడాది మా పిన్ని కూతురి పెళ్ళికి బట్టలు కొనడానికి హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపుకి వెళ్ళాం. పిన్ని, చెల్లి స్టూళ్ళ మీద కూర్చున్నారు. ఎదురుగా ఇరవై ఏళ్ళ అమ్మాయి నిలబడి చూపిస్తోంది. యాభయ్యో అరవయ్యో చీరలు విప్పించారు. విప్పిన గుట్టని పక్కన పెట్టుకుని ఇద్దరూ రెండు చీరల మధ్య తేల్చుకోలేక మాట్లాడుకుంటున్నారు. అమ్మాయి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చడం చూశాను. తెలిసిన విద్య కదా. "కూర్చోమ్మా కాసేపు, పర్లేదు, వీళ్ళు తేల్చుకునేసరికి టైం పడుతుంది" అన్నాను.

ఆ అమ్మాయి ముందు నా వైపు చూడలేదు. స్తంభం మీదున్న కెమెరా వైపు చూసింది. తర్వాత నవ్వి, "పర్లేదు సార్" అంది.

నా మంచితనం ఆ పిల్లకి చేసిన మేలు అది. అప్పటికే ఉన్న పనులకి తోడు, నా జాలికి నవ్వాల్సిన పని ఇంకొకటి పెట్టాను. ఒకవేళ నా మాట విని కూర్చుంటే కోత ఎవరికి పడేది? నాకైతే కాదు. దయకీ హక్కుకీ తేడా పుస్తకాల్లో చాలా చదివాను గానీ అప్పుడు అర్థమైంది. "కూర్చో" అని ఎవరో ఒకరు అనాల్సి వచ్చినంతకాలం, "లే" అనే అధికారం కూడా ఇంకొకరి దగ్గర ఉంటుంది. కౌంటర్‌కి అటువైపు కూడా ఒక స్టూలు ఉండి, దాని గురించి ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేకపోతే, అప్పుడు నాలాంటివాడి మంచితనంతో ఆ పిల్లకి పనుండదు.

బిల్లు కట్టేటప్పుడు మేనేజర్‌ని అడిగాను, కస్టమర్లకి వేసిన స్టూళ్ళు మీ స్టాఫ్‌కి కూడా వెయ్యొచ్చు కదా అని. ఆ అమ్మాయి ఊసెత్తలేదు, పాతికేళ్ళ కుర్రాణ్ణి కాదిప్పుడు. ఆయన మర్యాదగానే చెప్పాడు: "మాకేం అభ్యంతరం సార్? కస్టమర్లే ఒప్పుకోరు. పెద్దవాళ్ళు మరీనూ."

కారెక్కాక పిన్నిని అడిగాను. ఆవిడకి అరవై రెండు. చూపించేవాళ్ళు కూర్చుని చూపిస్తే నీకు ఏమన్నా అనిపిస్తుందా అని.

"కూర్చుంటే నాకేంట్రా? చీర కనపడితే చాలు" అంది. కాసేపాగి, "అయినా నన్నెవరు అడిగారు?" అంది.

నిజమే. ఆవిడ పేరు చెప్పి ఇన్నేళ్ళుగా అందర్నీ నిలబెడుతున్నారు. ఆవిడని మాత్రం ఎవరూ అడగలేదు.